ముడి ఓపల్ రాతి పరీక్ష



మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములనుండి యీ హార్స్లీ కొండకు దయచేసిన మీ యెదుట బంగారమును గూర్చి ప్రసంగించుట తాతకు దగ్గులు నేర్పుట యగును. కావున మనకు పరిచయము తక్కువైన యొక రాతిని గూర్చి విన్నవించెదను. ఓపల్ నవరత్నములలోనిది గాదు. అయినను శుక్రగ్రహ ప్రీతికై వజ్రము కొనజాలనివారు దీనిని ధరించుచున్నందున, ఓపల్ ఉంగరము చేసి యిమ్మని మన యంగళ్లకు వచ్చువారు కలరు.

బంగారమునకు గీటురాయి కలదు. పని చెడినను మరల కరగించి పోసికొందుము. ఓపలునకు గీటురాయి లేదు, కోసిన పిదప మరల కూర్చుటయు లేదు. పరీక్ష యంతయు కొనకముందే జరుగవలెను.

ఇది నేను సొమ్ము పోగొట్టుకొని నేర్చిన పాఠము. కొన్ని యేండ్ల క్రిందట నొక పట్టణమున ఇథియోపియా దేశపు ముడిరాళ్లు కొంటిని. ఆ దేశమున వొల్లో సీమలో 2008లో బయల్పడిన గనుల రాళ్లివి. వర్తకుడు నీటిగిన్నెలోనుండి తీసి, తుడిచి, తూచి యిచ్చెను. ఇంటికి వచ్చి నాలుగు దినములు ఆరనిచ్చి మన త్రాసులో వేయగా బరువు తగ్గెను! నీటికిగూడ వెల యిచ్చితినన్నమాట. అంతకంటె ఘోరము, రెండు రాళ్లలో సాలెగూటివంటి పగుళ్లు తేలినవి. ఉంగరమునకు బయానా పుచ్చుకొని యుంటిని; దానిని తిరిగి యిచ్చివేసితిని.

ఓపల్ గర్భమున సాధారణముగా నూటికి 3 మొదలు 10 పాళ్ల నీరుండును. ఇథియోపియా రాళ్లలో పెక్కు పైనీటినిగూడ పీల్చును. పొడిరాయి నాలుకకు అంటుకొన్నచో అట్టిదని తెలిసికొనవచ్చును. ఆస్ట్రేలియా రాతిని తడిపి చూచుట తప్పుగాదు. గరుకైన పైపొర తడిసినచో లోపలి రంగు కనబడును. కాని పగులు తడిలో దాగును. అందుచే రంగునకు తడిపి చూడుడు, పగులునకు ఆరబెట్టి, వెనుక దీపమునుంచి చూడుడు.

1964లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూచి, కంటికానని సిలికా గుండ్లు వరుసలు తీరి పేర్చియుండుటచే ఈ రంగులు పుట్టుచున్నవని కనుగొనిరి. గుండ్లు పెద్దవైనగాని యెరుపు రాదు; చిన్నవైనచో నీలమే. ఎరుపు వెల హెచ్చుటకు మూలమిది. నల్లని నేలమీద నెరుపు మెరయు లైట్నింగ్ రిడ్జ్ రాయి మన బేరమునకు అందదు, విడువుడు.

అంచునుండి చూచినప్పుడు మిలమిలలాడు రాళ్లు పెక్కు మోసపుచ్చును. ఉంగరములో పైముఖముగా నిలుపబోవు వైపునుండి రంగు కనబడవలెను. రంగుపట్టె మందమును కొలుచుకొనుడు. సానకు, మెరుగునకు కొంత పోవును. పట్టె పలుచనైనచో వెనుక నల్లరాతిని అంటించి జంటరాయి చేయుదురు. అది తప్పుగాదు, చెప్పక యమ్ముట తప్పు.

ఓపల్ కాఠిన్యము 5.5 మొదలు 6.5 వరకే, వీధిదుమ్ములోని పలుగురాతి రజను 7. ఊదుగొట్టపు మంట దరికి చేర్పరాదు. అతుకుపని ముగిసి నగ చల్లారిన పిదపనే రాయి పొదుగవలెను.

నా పగిలిన రెండు రాళ్లను డబ్బీలో తెచ్చితిని. సభానంతరము యువకులు భూతద్దములతో దీపము వద్దకు రండు. మొదట పొడిగా చూతము, తరువాత నీటిగిన్నెలో వేసి చూతము.