దవడ ఎముక అంచున

ఫిల్మ్‌నగర్‌కు దగ్గర్లో, బంజారాహిల్స్‌లో బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి 2000లో మొదలైంది. అలాంటి ఆసుపత్రులు చూసే జబ్బుల్లో ఒకటి నోటి క్యాన్సర్; గుట్కా, ఖైనీ తెచ్చిపెట్టే ఈ జబ్బు మన దేశంలో చాలా ఎక్కువ. చిగుళ్ల మీద పుట్టిన గడ్డ దవడ ఎముకలోకి పాకితే ఎముక కోసి తీయక తప్పదు. ఎంత మేర కోయాలి?

మెత్తని కండ అయితే జవాబు ఆపరేషన్ సాగుతుండగానే వస్తుంది. అంచు ముక్కను మైనస్ 20 డిగ్రీల చలిలో గడ్డకట్టించి, పల్చటి పొరలుగా కోసి, రంగు వేసి పాథాలజిస్టు మైక్రోస్కోపులో చూస్తారు. అరగంట లోపు పని. దీన్నే ఫ్రోజెన్ సెక్షన్ అంటారు.

ఎముక ఆ కత్తికి లొంగదు.

దాన్ని ఆమ్లంలో నానబెట్టి కాల్షియం కరిగించాలంటే రోజులు పడతాయి. ఈలోగా కాలి ఎముకతో కొత్త దవడ కట్టేసి ఉంటారు. అప్పుడు, అంచులో క్యాన్సర్ మిగిలిందని రిపోర్టు వస్తే ఆ రోగి పడే బాధ మాటలకందదు. అందుకే కొందరు సర్జన్లు ఎముక లోపలి మజ్జను గీకి అప్పటికప్పుడే పరీక్షకు పంపుతారు.

నెదర్లాండ్స్‌లోని రోటర్‌డ్యామ్ పరిశోధకులు మరో దారి పట్టారు. ఎముక కోతపై లేజర్ కాంతి వేసి, చెదిరి వచ్చిన వెలుగును బట్టి కణజాలంలో నీటి శాతం కొలిచారు. క్యాన్సర్ ఉన్నచోట నీరు ఎక్కువ. ఈ పద్ధతికి మూలం, విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1928లో కనుగొన్న రామన్ ఎఫెక్టే.