ఎల్వీ ప్రసాద్ అంటే కంటి డాక్టర్ కాదు.. వంద రూపాయలతో ఇల్లు వదిలిన ఒక ప్రొడ్యూసర్ కథ

నా వెనక కనిపిస్తున్నవి చేవెళ్ల రోడ్డు మర్రిచెట్లు. లారీల హారన్లు మధ్యమధ్యలో వినిపిస్తాయి, కొంచెం అడ్జస్ట్ అవ్వండి. మొయినాబాద్ దాటి ఇక్కడిదాకా వచ్చి ఎందుకు షూట్ చేస్తున్నానంటే, ఈ కథకి ఈ రోడ్డుకి ఒక లింక్ ఉంది. చివర్లో చెప్తా.

ముందు ఒక ప్రశ్న. ఎల్వీ ప్రసాద్ ఎవరు? మీలో సగం మంది ఇప్పుడే మనసులో 'కంటి హాస్పిటల్ డాక్టర్' అనుకున్నారు. నిజం చెప్పాలంటే పోయిన సంవత్సరం వరకు నేను కూడా అంతే. బీటెక్ చదివి, గచ్చిబౌలిలో నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ జాబ్ చేసి, జాబ్ మానేసి వీడియోలు చేసుకుంటూ, 'నేను సినిమా ఫీల్డ్‌లో ఉన్నా' అని చెప్పుకుని తిరిగే నాకు కూడా తెలీదు.

ఎలా తెలిసిందో చెప్తా. మా అవ్వకి కంట్లో పొర వచ్చింది. ఆపరేషన్ కోసం చేవెళ్ల నుంచి బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి తీసుకెళ్లా. వెయిటింగ్ హాల్‌లో కూర్చున్నాం. నా ఫోన్ మోగింది. చూస్తే లైట్‌మన్ అన్న. కట్ చేశా. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేశా. అవ్వ అడిగింది, "ఎవర్రా బిడ్డా అన్నిసార్లు జేస్తున్నరు?" ఏదో కంపెనీ కాల్ అని అబద్ధం చెప్పా. తర్వాత అవ్వ ఇంకోటి అడిగింది. "ఈ దవాఖానకు పేరు వెట్టిండ్రు గదా, ఆ ప్రసాద్ ఎవరు? పెద్ద డాక్టరా?" అవునవ్వా అన్నా. డౌట్ వచ్చి ఫోన్‌లో చూశా. డాక్టర్ కాదు. సినిమా ప్రొడ్యూసర్!

లైట్‌మన్ అన్న ఎందుకు ఫోన్ చేశాడో కూడా చెప్పాలి. జాబ్ మానేసిన మూడు నెలలకి నేను ఒక వెబ్ సిరీస్ మొదలుపెట్టా. మొయినాబాద్‌లో ఒక ఫామ్‌హౌస్ రెంట్‌కి తీసుకున్నా. పోస్టర్ మీద 'నిర్మాత' అని నా పేరు పెద్దగా వేసుకున్నా. ప్లాన్ పన్నెండు రోజులు. నాలుగో రోజు సాయంత్రానికి డబ్బులు అయిపోయాయి. ప్యాకప్ చెప్పేశా. కెమెరా రెంట్, లైట్లు, మేకప్, భోజనాలు.. అన్నీ కలిపి లక్షా నలభై వేలు బాకీ. అందరికీ 'వచ్చే వారం ఇస్తా' అని చెప్పా. ఆ వచ్చే వారం ఏడు నెలలైనా రాలేదు. అందుకే ఆ రోజు ఫోన్ కట్ చేశా.

ఆ మూడ్‌లో ఉన్నోడు ఎల్వీ ప్రసాద్ కథ చదివితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇప్పుడు ఆ కథలోకి వెళ్దాం.

ఆయన పూర్తి పేరు అక్కినేని లక్ష్మీ వర ప్రసాదరావు. జనవరి 17న ఏలూరు దగ్గర సోమవరప్పాడు అనే పల్లెలో, రైతు కుటుంబంలో పుట్టారు. చదువు మీద పెద్ద ఇంట్రెస్ట్ లేదు. నాటకాలు అంటే పిచ్చి. పదిహేడేళ్లకే మేనమామ కూతురు సౌందర్య మనోహరమ్మతో పెళ్లయింది. ఇంతలో నాన్నగారి అప్పులు పెరిగిపోయాయి. చివరికి దివాలా తీశానని చెప్పుకోవాల్సి వచ్చింది. పల్లెటూళ్లో అప్పులపాలైన ఇంట్లో పుట్టినవాళ్లకి తెలుస్తుంది, బయటికి వెళ్తే జనం ఎలా చూస్తారో. ప్రసాద్ గారు ఆ అవమానం తట్టుకోలేక, ఎవరికీ చెప్పకుండా, జేబులో వంద రూపాయలతో ఇల్లు వదిలి వెళ్లిపోయారు. ఎక్కడికి? బొంబాయికి.

అప్పటికి మన సినిమాకి మాటలు కూడా రాలేదు. మూకీలు నడుస్తున్నాయి. హిందీ రాదు, తెలిసినవాళ్లు లేరు. చివరికి ఒక ఫిల్మ్ కంపెనీలో పని దొరికింది. ఏం పని? చెప్పిన పనల్లా చేసే కుర్రాడి పని. ఇప్పుడైతే ఆఫీస్ బాయ్ అంటాం. అంత పొడవు పేరు పలకలేక అక్కడి వాళ్లు కుదించేస్తే ఎల్వీ ప్రసాద్ అయింది. మనకి హాస్పిటల్ గేటు మీద కనిపించే పేరు అలా పుట్టిందన్నమాట.

ఇక్కడ ఒక సూపర్ విషయం. 1931లో వచ్చిన 'ఆలం ఆరా' మన దేశంలో మొదటి టాకీ. అందులో ఆయన చిన్న వేషం వేశారు. అదే సంవత్సరం హెచ్.ఎం. రెడ్డి గారు తీసిన 'కాళిదాస్' తమిళంలో మొదటి టాకీ. అందులోనూ ఉన్నారు. మళ్లీ రెడ్డి గారే తీసిన 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది, తెలుగులో మొదటి టాకీ. అందులోనూ ఉన్నారు. మూడు భాషల సినిమాలు మాట్లాడటం మొదలుపెట్టినప్పుడు మూడుచోట్లా ఈ సోమవరప్పాడు కుర్రాడు నిలబడి ఉన్నాడు. కానీ అవన్నీ చిన్న చిన్న వేషాలే. ఒక్క రోజులో స్టార్ అయిపోలేదు.

మధ్యలో ఒకసారి ఊరికి వెళ్లారు. ఆయన చనిపోయాడనే అనుకున్నారు అక్కడ. తిరిగి వచ్చిన మనిషిని చూసి ఆ ఇల్లు ఎలా ఉండి ఉంటుందో! భార్యను తీసుకుని మళ్లీ బొంబాయి వెళ్లారు.

తర్వాత చాన్నాళ్లు అసిస్టెంట్ పనులే. 'కష్టజీవి' అని ఒక సినిమా మొదలైంది. మూడు రీళ్లు తీశాక ఆగిపోయింది. ఈ లైన్ చదివినప్పుడు నేను హాస్పిటల్ హాల్‌లో ఫోన్ పక్కన పెట్టేసి కాసేపు అలానే కూర్చున్నా. ఎందుకంటే నా నాలుగు రోజుల ఫుటేజ్ కూడా ఒక హార్డ్ డిస్క్‌లో పడి ఉంది. ఆ సినిమా పేరు కూడా చూడండి, 'కష్టజీవి'! మళ్లీ వేరేవాళ్ల దగ్గర అసిస్టెంట్‌గా చేరారు. పృథ్వీ థియేటర్స్ నాటకాల్లో నటించారు. అక్కడే కుర్రాడు రాజ్ కపూర్‌తో పరిచయం.

1946లో 'గృహప్రవేశం' వచ్చింది. డైరెక్టర్ ఆయనే, హీరో కూడా ఆయనే, హీరోయిన్ భానుమతి. అక్కడి నుంచి బండి స్పీడ్ అందుకుంది. 1949లో 'మనదేశం'. అందులో చిన్న పోలీస్ ఇన్‌స్పెక్టర్ వేషంలో ఒక కొత్త కుర్రాడు కనిపిస్తాడు. ఆయనే ఎన్టీఆర్. మొదటి సినిమా. 1950లో 'షావుకారు', 'సంసారం'. 1952లో 'పెళ్లిచేసి చూడు'. 1955లో 'మిస్సమ్మ'. ఈ 'మిస్సమ్మ'ని తమిళంలో కూడా ఆయనే డైరెక్ట్ చేశారు.

తమిళం అన్నాను కాబట్టి ఇంకోటి. 1954లో 'మనోహర' అని శివాజీ గణేశన్ సినిమా వచ్చింది. కరుణానిధి గారి డైలాగులు. తమిళనాడులో ఆ డైలాగులు జనం నోట నాటుకుపోయాయి. దాని డైరెక్టర్ మన తెలుగాయన. తర్వాత 'తాయిల్లా పిళ్లై', 'ఇరువర్ ఉళ్ళం' లాంటి తమిళ సినిమాలు సొంతంగా నిర్మించారు కూడా. మద్రాసులో అప్పుడు భాష పెద్ద గోడ కాదు. కథ తెలుసా, పని తెలుసా, అంతే.

ఇప్పుడు అసలు పాయింట్. ప్రసాద్ ప్రొడక్షన్స్ ఎప్పుడు మొదలైంది? 1956లో. బొంబాయిలో ఆఫీస్ బాయ్‌గా చేరింది 1930 ప్రాంతంలో. అంటే పోస్టర్ మీద సొంత బ్యానర్ పేరు వేసుకోవడానికి ఆయనకి పాతికేళ్లు పైనే పట్టింది. నాకు మూడు నెలలు పట్టింది! నవ్వకండి. నేనూ ఇప్పుడే నవ్వగలుగుతున్నా.

ఆ పాతికేళ్లలో ఆయన టీ మోశారు, వేషం వేశారు, అసిస్టెంట్‌గా చేశారు, ఆగిపోయిన సినిమా చూశారు, హిట్లు తీశారు. సెట్‌లో ఎవరి పని ఏంటో, ఏ పనికి ఎంతవుతుందో అన్నీ చేసి తెలుసుకున్నారు. ప్రొడ్యూసర్ అంటే డబ్బున్నోడు అని మనం అనుకుంటాం. ఈయన అప్పుల ఇంట్లోంచి వచ్చిన మనిషి. ఆయన దగ్గర ఉన్నది పని.

బ్యానర్ పెట్టాక హిందీకి వెళ్లారు. ఎక్కడైతే ఆఫీస్ బాయ్‌గా తిరిగారో అదే బొంబాయి మార్కెట్‌కి ప్రొడ్యూసర్‌గా! 1957లో 'శారద', హీరో రాజ్ కపూర్. 1959లో 'ఛోటీ బహెన్'. 1967లో 'మిలన్', మన 'మూగమనసులు' రీమేక్. 1970లో 'ఖిలోనా', దానికి ఫిల్మ్‌ఫేర్ బెస్ట్ ఫిల్మ్ అవార్డు. 1981లో 'ఏక్ దూజే కే లియే', మన 'మరోచరిత్ర' హిందీలో, బాలచందర్ డైరెక్షన్, కమల్ హాసన్. ఒక భాషలో జనానికి నచ్చిన కథని ఇంకో భాషలో పట్టుకెళ్లడం. ఇప్పుడు పాన్ ఇండియా అంటున్నాం కదా, ఆ పని ఆయన అప్పుడే చేశారు.

వచ్చిన డబ్బుతో ఏం చేశారు అనేది నాకు ఇంకా నచ్చింది. మద్రాసు సాలిగ్రామంలో స్టూడియో కట్టారు. 1976లో ఫిల్మ్ ల్యాబ్ పెట్టారు. ల్యాబ్ అంటే ఇప్పటి వాళ్లకి తెలీదు కాబట్టి చెప్తా. అప్పుడు షూటింగ్ ఫిల్మ్ రీల్ మీద. తీసిన నెగటివ్‌ని ల్యాబ్‌లో కెమికల్స్‌లో కడగాలి, కలర్ సరిచేయాలి, థియేటర్లకి ప్రింట్లు తీయాలి. అక్కడ తేడా కొడితే కోట్లు పెట్టి తీసిన సీన్ కూడా పోయినట్టే. మళ్లీ ఎక్స్‌పోర్ట్ కొడదాం అంటే కుదరదు. అంటే ఆయన తన సినిమాల సంపాదనతో అందరి సినిమాలకీ పనికొచ్చేది కట్టారు. ఇళయరాజా గారు దశాబ్దాల పాటు పాటలు రికార్డ్ చేసింది ఆ ప్రసాద్ స్టూడియోలోనే. హైదరాబాద్‌లో మనం వెళ్లే ప్రసాద్స్ మల్టీప్లెక్స్ కూడా ఆ కుటుంబానిదే. 1982లో దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది.

ఇప్పుడు కళ్ల సంగతి. 'ఛోటీ బహెన్' కథలో చెల్లెలికి చూపు పోతుంది. 1981లో కమల్ 'రాజ పార్వై' వచ్చింది, తెలుగులో 'అమావాస్య చంద్రుడు'. హీరో చూపులేని వయొలినిస్ట్. అందులో హీరోయిన్ తాతయ్యగా నటించింది ఎవరో తెలుసా? ఎల్వీ ప్రసాద్ గారే. ఆ ప్రేమ జంటకి సపోర్ట్ చేసే తాత. తర్వాత కొన్నేళ్లకి అమెరికా నుంచి వచ్చిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు హైదరాబాద్‌లో పెద్ద కంటి ఆసుపత్రి పెట్టాలనుకుంటే, ప్రసాద్ గారు కోటి రూపాయలు, బంజారాహిల్స్‌లో ఐదెకరాల భూమి ఇచ్చారు. 1987లో ఆసుపత్రి మొదలైంది. డబ్బు కట్టలేని లక్షల మందికి అక్కడ ఫ్రీగా వైద్యం చేశారు. ఆ ఐదెకరాలు ఇప్పుడు ఎంత చేస్తాయో మా చేవెళ్ల, మొయినాబాద్ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. మాకు ఇక్కడ గుంట రేటు పిల్లలు కూడా చెప్తారు. 1994 జూన్ 22న ఆయన చనిపోయారు.

సరే, నా సంగతి. అవ్వ ఆపరేషన్ అయిపోయింది. అదే ఈ రోడ్డు మీద ఇంటికి వస్తున్నాం. అవ్వ నల్ల అద్దాలు పెట్టుకుని వెనక కూర్చుంది. నేను ఇక్కడే, ఈ మర్రిచెట్ల కింద కారు ఆపి లైట్‌మన్ అన్నకి ఫోన్ చేశా. "అన్నా, సారీ. నెలకి ఇంత చొప్పున ఇస్తా. ఫోన్ మాత్రం ఇక కట్ చెయ్యను" అన్నా. అన్న తిట్టలేదు. "పైసలు లేటైతే అయితయి తమ్మీ, ఫోన్ ఎత్తు సాలు" అన్నాడు. ఆ మాటకి తిట్టినా బాగుండేది అనిపించింది.

రాత్రి బాపుతో చెప్పా. మాకు రెండెకరాలుంది, టమాటా, క్యారెట్ వేస్తాం. బ్రోకర్లు రోజూ ఫోన్ చేస్తారు. ఒక అర ఎకరం అమ్మితే నా సిరీస్ పూర్తవుతుంది అనే ఆలోచన నాకు లేదంటే అబద్ధం. బాపు అంతా విని ఒక్కటే అన్నాడు. "అమ్ముడు సంగతి తర్వాత. ముందుగాల పనిజేసినోళ్ల పైసలు నీ కష్టంతోని ఇయ్యి." మళ్లీ ఫ్రీలాన్స్‌గా కోడింగ్ పట్టుకున్నా. రాత్రి కోడింగ్, పగలు వీడియోలు. పోయిన వారం చివరి పదకొండు వేలు ఇచ్చేశా. అందుకే ఈ వీడియో ఈ వారం చేస్తున్నా. బాకీ ఉండగా ఇంకో ప్రొడ్యూసర్ కథ చెప్పడానికి నోరు రాలేదు.

భూమి అమ్మలేదు. హార్డ్ డిస్క్ అలానే ఉంది. ఇప్పుడు వేరేవాళ్ల షార్ట్ ఫిల్మ్‌కి అసిస్టెంట్‌గా వెళ్తున్నా, లెక్కలు రాసే పని. భోజనాలకి ఎంత, డీజిల్‌కి ఎంత అని రాస్తుంటే నేను నాలుగో రోజు ఎందుకు మునిగానో అర్థమవుతోంది.

నిన్న రాత్రి అవ్వకి నా ఫోన్‌లో 'మిస్సమ్మ' పెట్టా. పొర తీసేశాక క్లియర్‌గా చూస్తోంది. "అగో, సావిత్రి! గీ సినిమా నేను టెంటుల సూసిన" అంది. ఇది తీసినాయన పేరే నీ దవాఖానకు పెట్టిన్రు అవ్వా, అని చెప్పా. ఫోన్ దగ్గరికి పెట్టుకుని, "నీ పేరు ఎప్పుడొస్తదిరా ఇండ్ల?" అని అడిగింది. టైం పడుతుంది అవ్వా అన్నా.

అంతే ఫ్రెండ్స్. మీలో ఎవరైనా షార్ట్ ఫిల్మో, స్టార్టప్పో పెట్టి మధ్యలో ఆపేసి ఎవరి ఫోనైనా కట్ చేస్తూ ఉంటే, ఈ వీడియో అయిపోగానే ఆ ఒక్క కాల్ చెయ్యండి. మీ ఇంట్లో పెద్దవాళ్లు చూసిన ఎల్వీ ప్రసాద్ సినిమా ఏదో అడిగి కామెంట్‌లో రాయండి. వీడియో నచ్చితే లైక్ చేయండి, షేర్ చేయండి, సబ్‌స్క్రైబ్ చేసుకోండి. మళ్లీ వచ్చే వారం కలుద్దాం. ఉంటా మరి, బై.