పేరు నిలిచిన వీరుడు: మేజర్ పద్మపాణి ఆచార్య
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



వేలూరు లాంగ్ బజారులో ఒక గడియార స్తంభం ఉన్నది. గుడియాత్తం నుండి వైద్యానికో, చదువుకో, సరుకు బేరానికో వేలూరు వెళ్ళేవారు ఎప్పుడో ఒకప్పుడు దాని పక్కగా నడిచినవారే. తలెత్తి గంట ఎంతయిందో చూసేవారు అనేకులు. దాని మీది శిలాఫలకాన్ని చదివేవారు కొందరే. మొదటి ప్రపంచ యుద్ధానికి ఈ ఊరి నుండి 277 మంది వెళ్ళారనీ, వారిలో 14 మంది ప్రాణాలర్పించారనీ ఆ ఫలకం చెబుతున్నది. అది చెప్పేది సంఖ్య మాత్రమే. ఆ పద్నాలుగురు ఎవరి బిడ్డలో, ఇంట ఏ భాష మాట్లాడేవారో, ఏ తల్లి ఎన్నేళ్ళు వాకిట నిలిచి ఎదురుచూసిందో ఆ రాయి చెప్పదు.

ఇది సైనికుల సీమ. 1806 జూలై 10న కుంఫిణీ పాలనపై సిపాయిలు తిరగబడినది వేలూరు కోటలోనే. వేలూరు సమీపంలోని కమ్మవాన్‌పేట్టై తరతరాలుగా ఇంటింటి నుండీ సైన్యానికి మనుషులను పంపిన గ్రామంగా పేరుపొందింది. అటువంటి సీమలో సైతం పద్నాలుగురి ప్రాణాలు ఒక అంకెలో ఒదిగిపోయాయి. అంకె వెనుక ఎంతటి జీవితం ఉంటుందో తెలియాలంటే, పేరూ, కథా, స్వహస్తంతో రాసిన ఉత్తరమూ మిగిలిన ఒక అధికారిని గూర్చి తెలుసుకోవాలి. ఆయన మేజర్ పద్మపాణి ఆచార్య.

ఆచార్య 1969 జూన్ 21న జన్మించారు. పూర్వులది ఒరిస్సా, కుటుంబం స్థిరపడినది హైదరాబాదులో. తండ్రి జగన్నాథ ఆచార్య భారత వైమానిక దళంలో వింగ్ కమాండర్‌గా పనిచేసి విశ్రాంతి పొందినవారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రుడైన పద్మపాణి, మద్రాసులోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో శిక్షణ పొంది, రాజపుతానా రైఫిల్స్ రెండవ బెటాలియన్‌లో అధికారిగా చేరారు. ఇంట మాట్లాడే భాష ఒకటి, ఊరి భాష మరొకటి, వెంట నడిచిన జవాన్ల భాష ఇంకొకటి. తమిళసీమలో తెలుగు చదువుకునే పిల్లలకు ఈ సంగతి కొత్తగా తోచదు.

1999 వేసవిలో కార్గిల్ యుద్ధం వచ్చింది. శ్రీనగర్ నుండి లేహ్ వెళ్ళే రహదారికి ఎదురుగా నిలిచిన శిఖరాలను శత్రువు ఆక్రమించి, ఆ దారిన పోయే ప్రతి వాహనంపైనా గుండ్లు కురిపించసాగాడు. ద్రాస్ వద్ద తోలోలింగ్ శిఖరాన్ని జూన్ 13న రాజపుతానా రైఫిల్స్ రెండవ బెటాలియన్ స్వాధీనం చేసుకున్నది. తరువాతి లక్ష్యం మరికొంత దూరాన ఉన్న కొండకొమ్ములు.

ఆ రెండు పోరాటాల నడుమ, జూన్ 19న, ఆచార్య తండ్రికి ఒక ఉత్తరం రాశారు. ప్రాణనష్టాన్ని గూర్చి దిగులు పడవద్దనీ, అది ఈ వృత్తిలో తప్పనిదనీ, యుద్ధంలో పాల్గొనటం జీవితంలో ఒక్కసారి దక్కే గౌరవమనీ ఆ ఉత్తర సారాంశం. అందులోనే ఒక కోరిక కూడా ఉన్నది. అప్పటికి ఆయన భార్య చారులత గర్భవతి. ఆమెకు రోజుకొక మహాభారత కథ చెప్పవలసిందనీ, పుట్టబోయే బిడ్డకు మంచి గుణాలు అబ్బాలనీ తండ్రిని వేడుకున్నారు.

బాలలారా, ఆ కోరికలోని లోతును గమనించండి. తల్లి కడుపులో ఉండగానే పద్మవ్యూహాన్ని గూర్చి విన్నవాడు అభిమన్యుడు. తండ్రి రణభూమిలో ఒరిగిన పిదప పుట్టినవాడు ఆ అభిమన్యుని కొడుకు పరీక్షిత్తు. కవిత్రయం పుణ్యాన తెలుగువారి ఇళ్ళలో ఈ కథలు తెలియని ముసలివారుండరు. శిఖరం కింద, గుండ్ల మోత నడుమ కూర్చున్న ఆ యువకుడు బిడ్డకు ఆస్తిని గూర్చి రాయలేదు; కథను గూర్చి రాశాడు.

రెండు రోజులకు ఆయనకు ముప్పై ఏళ్ళు నిండాయి. మరి వారానికి, జూన్ 28 రాత్రి, దాడికి ఆజ్ఞ వచ్చింది. అది పున్నమి రాత్రి. వెన్నెల కొండనెక్కేవారికి దారి చూపింది. పైనున్న శత్రువుకు వారినీ చూపింది. మందుపాతరలు, మరతుపాకులు, ఫిరంగులతో గట్టి చేసిన స్థావరమది. ఆరంభంలోనే ఫిరంగి గుండ్లు ముందు నడిచే ప్లటూన్‌పై పడి అనేకులు నేలకొరిగారు. దాడి ఆగిపోతుందేమోననిపించిన క్షణంలో కంపెనీ కమాండర్ ఆచార్య వెనుకనుంచిన ప్లటూన్‌ను తానే తీసుకుని నిట్టనిలువు బండరాళ్ళ మీదుగా ముందుకు సాగారు. పాకుకుంటూ బంకరును చేరి గ్రెనేడ్లు విసిరారు. తూటాలు తగిలి కదలలేని స్థితిలో పడిపోయినప్పుడు, తనను విడిచి ముందుకు పొమ్మని జవాన్లకు ఆజ్ఞాపించి, పడినచోటి నుండే కాల్పులు సాగించారు. ముఖాముఖి పోరులో స్థావరం చేజిక్కింది. అధికారి మాత్రం తిరిగి రాలేదు. అదే పోరులో ఆ బెటాలియన్‌కే చెందిన కెప్టెన్ నైకెజాకువో కెంగురూసే, కెప్టెన్ విజయంత్ థాపర్ కూడా అమరులయ్యారు. ఒకరు నాగాలాండ్ బిడ్డ, ఒకరు ఉత్తరాది బిడ్డ, ఒకరు హైదరాబాదు బిడ్డ.

యుద్ధకాలపు శౌర్య పురస్కారాలలో రెండవ స్థానంలో ఉన్న మహావీర చక్రాన్ని ప్రభుత్వం ఆచార్యకు మరణానంతరం ప్రకటించింది. 2003లో వెలువడిన ఒక హిందీ చలనచిత్రంలో ఆయన పాత్రను అక్కినేని నాగార్జున ధరించారు. అయితే నిజమైన స్మారకం వేరే ఉన్నది. తండ్రి పోయిన కొన్ని నెలలకు పుట్టిన కూతురికి అపరాజిత అని పేరు పెట్టారు. తాను ఎన్నడూ చూడని తండ్రిని, ఎరిగినవారి జ్ఞాపకాల నుండి ఏరి కూర్చి, ఆమె పెరిగి పెద్దయి ఒక పుస్తకంగా రాసింది. కథ చెప్పమని కోరిన తండ్రి కథను, ఆ కథ విని పెరిగిన బిడ్డ తిరిగి చెప్పింది. రుణం తీరటమంటే ఇదే.

తోలోలింగ్ పాదాన, ద్రాస్‌లోని స్మారకంలో కార్గిల్ అమరుల పేర్లు చెక్కి ఉన్నాయి. వేలూరు గడియార స్తంభం మీద సంఖ్య ఉన్నది. ఈ రెంటి నడుమ ఉన్న దూరం మైళ్ళలో కొలిచేది కాదు. పేరు చెప్పేవారు ఉన్నచోట మనిషి నిలుస్తాడు. లేనిచోట అంకెగా మిగులుతాడు.

డెబ్బది అయిదేళ్ళుగా తమిళసీమలో తెలుగు అక్షరాన్ని కాపాడిన బడి ఇది. ఇక్కడి విద్యార్థులకు ఒక చిన్న పని. ఈ సాయంత్రం ఇంటికి వెళ్ళి, వంశంలో గానీ, వీధిలో గానీ సైన్యానికి వెళ్ళినవారెవరో అవ్వతాతలను అడగండి. పాత ఇనుప పెట్టెలో ఒక పతకమో, ఉత్తరమో, వెలిసిన ఛాయాచిత్రమో ఉండవచ్చు. పేరు, ఊరు, విన్న కథ ఒక నోటుపుస్తకంలో చక్కని తెలుగులో రాసి ఉంచండి. వందేళ్ళ ఉత్సవం నాటికి ఆ పుస్తకం ఈ బడిలో ఉంటే, అంకెలో దాగినవారిలో ఒక్కరైనా పేరుతో తిరిగి వచ్చినట్లే.

జై హింద్.