ఫైళ్ల యాజమాన్యము – ఆజ్ఞ ఆలస్యమగుటకు కారణములు

(మన సంఘ సర్వసభ్య సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘమువారి పాత రిజిస్టర్లు, తెలుగు పాఠశాల ప్రవేశ పుస్తకములు, ఈ పత్రిక వెనుకటి సంచికలు ఇప్పుడు కంప్యూటరునందు భద్రపరుపబడి యున్నవని మీరందరు నెరుగుదురు. నిరుడు వేసవిలో ఒక వారము దినములు వానిలో నొక్క పుటయు తెరువబడకపోయిన సంగతి మాత్రము కార్యవర్గమువారికి తప్ప అన్యులకు తెలియదు. ఆ సమయముననే ఒక తల్లి వచ్చి, తన కుమారుని కళాశాల దరఖాస్తునకు మాతృభాషా నిదర్శనముగా తన తండ్రిగారి పాఠశాల ప్రవేశపు పుట కావలెనని యడిగెను. గడువు మరునాటి సాయంకాలము. పుట పేరు మా కన్నులయెదుట కనబడుచునే యున్నది. తెరువబోయిన “అనుమతి లేదు” అను సమాధానము వచ్చుచున్నది.

కారణము స్వల్పమే. పుటలను స్కాను చేసి పెట్టిన యువకుడు ఉద్యోగార్థము విదేశమునకు వెళ్లెను. అతని ఖాతాను మేమే తీసివేయించితిమి. లినక్సు వ్యవస్థయందు ప్రతి ఫైలునకు ఒక యజమాని, ఒక వర్గము నుండును. యజమాని కేమి చెల్లును, వర్గమువారి కేమి చెల్లును, ఇతరుల కేమి చెల్లును అను మూడు విధములగు అనుమతులును వ్రాయబడి యుండును. ఇవి యన్నియు ఫైలులోపల గాక, దాని పక్కన ఐనోడ్ అను చిన్న చీటియం దుండును. ఆ చీటిలో యజమాని పేరుండదు, సంఖ్య మాత్రమే యుండును. ఖాతా పోగా ఫైళ్లకు పేరులేని సంఖ్యయే యజమానిగా మిగిలెను. తరువాత వచ్చు క్రొత్త ఖాతాకు అదే సంఖ్య పడినచో ఫైళ్లన్నియు నతనివే యగును. ఈ ప్రమాదమును మేము అప్పుడే తెలిసికొంటిమి.

అనుమతులు మార్చుటకు సీహెచ్‌మోడ్, యజమానిని మార్చుటకు సీహెచ్‌ఓన్ అను ఆజ్ఞలు 1971 నాటి మొదటి యూనిక్సు కూర్పునుండియు నున్నవి. మా మేనల్లుడు సాయంకాలము ఆజ్ఞ నిచ్చెను. తెల్లవారి మేము వచ్చి చూచునప్పటికి “మామయ్యా, ఇంకను నడచుచునే యున్నది” అనెను. ముందుగా ఆ తల్లికి కావలసిన ఒక్క ఫోల్డరునకు మాత్రము విడిగా ఆజ్ఞ నిప్పించితిమి. కొన్ని నిమిషములలో పని తీరెను, మధ్యాహ్నమునకు ఆమె పుట తీసికొని వెళ్లెను. కాని అదే వారములో మరికొందరు రావలసి యుండిరి. మొత్తము ఫైళ్లు సుమారు 3 లక్షలు.

ఇక సలహాలకు కొదువ లేదు. కంప్యూటరు పాతబడినది, క్రొత్తది కొనుడని యొకరు. అందరికిని అన్ని అనుమతులు నిచ్చు 777 అను సంఖ్యను వేసివేయుడని వేరొకరు. రెండవ సలహాను మేము వెంటనే త్రోసిపుచ్చితిమి. ఆ పెట్టెలోనే విద్యార్థి వేతనములకై వచ్చిన కుటుంబముల బ్యాంకు కాగితములు, ఆధారు నకళ్లు నున్నవి. ఎవరైనను చదువవచ్చును, తుడిచివేయవచ్చును అనుట సంఘమునకు తగదు. పైగా అదియు ప్రతి ఫైలు చీటిని ముట్టవలసినదే కాన శీఘ్రముగ నగుననుటయు కల్ల. సంఘము సొమ్ము వ్యయపెట్టుటకు ముందు ఆలస్యమెక్కడ జరుగుచున్నదో చూడవలెనని మేము పట్టుబట్టితిమి.

నూరు ఫైళ్లుగల చిన్న ఫోల్డరును తీసికొని, ఆజ్ఞకు ముందు టైమ్ అను మాట చేర్చి నడిపించితిమి. గడచిన కాలము పదునేడు నిమిషములు. అందులో యంత్రము నిజముగా పనిచేసిన కాలము రెండు సెకనులైనను లేదు. ఈ లెక్కన 3 లక్షల ఫైళ్లకు ముప్పదియైదు దినములు పట్టును! యంత్రము అలసినది కాదు, ఎవరికొరకో కాచుకొని యున్నది. స్ట్రేస్ అను సాధనముతో చూడగా, ప్రతి ఫైలుకడను ఒక దూరపు చిరునామాకు పోయి, పది సెకనులు తలుపు తట్టి, సమాధానము లేక మరలి వచ్చుచుండెను.

ఆ కంప్యూటరు ఒక కార్యాలయమునుండి సంఘమునకు సగము వెలకు వచ్చినది. అక్కడి పేర్ల పట్టికను నెట్‌వర్కుపై అడుగవలెనను ఏర్పాటు దానియం దట్లే నిలిచియుండెను. మా మేనల్లుడు యజమానిని సంఖ్యతోనే వ్రాసియుండెను గదా, పేరు నడుగనేల యని మేము ప్రశ్నించితిమి. సీహెచ్‌ఓన్ ఆ అంకెలను మొదట ఒక పేరేమో యని వెదకి, దొరకనప్పుడే సంఖ్యగా గ్రహించునట! గ్నూ కూర్పునందు సంఖ్యకు ముందు కూడిక గుర్తు పెట్టినచో ఈ వెదకులాట యుండదు. ఇది మాలో నెవ్వరికిని తెలియదు.

రెండవ తప్పు ఫైండ్ అను ఆజ్ఞ చివర నున్నది. అక్కడ అర్ధవిరామ చిహ్నము పెట్టిన ఒక్కొక్క ఫైలునకు ఒక్కొక్క సీహెచ్‌ఓన్ క్రొత్తగా పుట్టును. కూడిక గుర్తు పెట్టిన వేలకొలది ఫైళ్లను ఒకేసారి దానికి అందించును. బేళ్లు దింపుటకు బేలున కొక కూలివానిని పిలిచి, ప్రతివానిని ముందుగా మూతపడిన దుకాణమునకు పంపి వాకబు చేయించినట్లున్నది మేము చేసిన పని. మా అంగడిలో గుమాస్తా ఇట్లు చేసియున్న మేమూరకుందుమా?

పాత పట్టిక ఏర్పాటును తీసివేసి, ఈ రెండును దిద్దగా ముప్పదియైదు దినముల పని గంటన్నరకు దిగెను. అదియు నెక్కువయే. ఫైళ్లున్న పెట్టె మేడమీద నున్నది, ఆజ్ఞ నిచ్చు కంప్యూటరు క్రింద నున్నది. నడుమ బలహీనమైన వైఫై. ఒక్కొక్క ఫైలునకు చూచుట యొకమారు, మార్చుట యొకమారు, ఆరు లక్షల రాకపోకలు. ఒక్కటి సెకనులో నూరవవంతు పట్టినను నూరు నిమిషములగును. ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా ఆ పెట్టెలోనికే ప్రవేశించి ఆజ్ఞను అక్కడనే నడిపించితిమి. మేము కాఫీ త్రాగి వచ్చులోపల ముగిసెను.

ఇంకొక మెలకువ కలదు. సీహెచ్‌ఓన్ ఇదివరకే సరియైన యజమాని యున్న ఫైలును గూడ మరల వ్రాయును. అందువలన చీటిలోని మార్పు కాలము మారి, కొన్ని నకలు సాధనములు అంతయు మారినదని భ్రమపడును. ఫైండ్‌తో, వేరు యజమాని యున్న ఫైళ్లను మాత్రము ఏరి యిచ్చిన చాలును. నడుమ విద్యుత్తు పోయినను మిగిలినవానినుండియే సాగవచ్చును. విండోసు వాడువారికి ఐకాక్ల్స్ అను ఆజ్ఞ కలదు. ప్రతి ఫైలునకు తెరపై ఒక పంక్తి వ్రాయకుండ నిలుపు క్యూ గుర్తును చేర్చుట మేలు.

ఇప్పుడు ఫైళ్లు ఏ వ్యక్తి పేరనులేవు, సంఘపు ఖాతా పేరను, సంఘ వర్గము పేరను నున్నవి. ఫోల్డర్లకు 2770, ఫైళ్లకు 660 అనుమతులు. ఆ మొదటి 2 వలన ఫోల్డరులో క్రొత్తగా పుట్టిన ఫైలు దాని వర్గమునకే చెందును. ఫోల్డర్లకు గూడ పొరపాటున 660 వేసిన లోనికి ప్రవేశమే యుండదు. మేము ఒకసారి వేసి చూచితిమి. కాని పెట్టెలోనే ఒకచోటినుండి మరియొకచోటికి జరిపిన ఫైలు పాత వర్గమునే వెంట తెచ్చుకొనును. కావున పుటలు తెచ్చు సభ్యులు వానిని జరుపక నకలు చేయవలెను. స్కాను పనినుండి విరమించువారు తమ ఖాతా మూయుటకు ఒక నెల ముందుగా కార్యదర్శిగారికి తెలియజేయవలెనని ప్రార్థించుచున్నాము.