రాత్రికి లంగరు ఎక్కడ?

(సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మహేశ్వరం పిల్లగాడు సముద్రం గురించి మాట్లాడటమేమిటని కొందరు నవ్వుకుంటున్నారని తెలుసు. నిజమే. చిన్నప్పుడు మనకు తెలిసిన నీళ్ళంటే ఊరి చెరువు, శివగంగ కోనేరు. ఇప్పుడు మన నెత్తి మీదుగా విమానాలు పోతున్నయి గానీ, పడవ మాత్రం ఎవరూ చూడలే. నేను పదిహేనేళ్ళు నావికాదళంలో పనిచేసి, ఆ తర్వాత కాకినాడలో స్థిరపడ్డాను. ఒక మిత్రుడితో కలిసి ఇరవై ఆరడుగుల తెరచాప పడవ ఒకటి ఉంచుకున్నాను.

పోయిన నెల మన బ్యాచ్ వాళ్ళు ఫోన్ చేసి, "అరే, సముద్రం మీద ఒక్క రాత్రి పండుకుందాం, తీస్కపో" అన్నారు. ఆ మాటకు జవాబే ఈ ప్రసంగం.

ఆంధ్ర తీరం పాత లెక్కల్లో 974 కిలోమీటర్లు. అంత తీరంలో చిన్న పడవ రాత్రికి నిశ్చింతగా ఆగే చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎందుకంటే మన బెస్తవాళ్ళకు అవి అవసరం పడలేదు. తెప్పనైనా ఫైబరు బోటునైనా అలల మీదుగా తెచ్చి ఇసుక మీదికి లాగేస్తారు. అడుగున బరువైన పలక ఉన్న నా పడవను అట్లా లాగలేం. దానికి కనీసం నాలుగడుగుల నీళ్ళు కావాలి. విశాఖపట్నం నుంచి కాకినాడకు గంటకు ఐదు నాటికల్ మైళ్ళ చొప్పున వస్తే పదిహేను గంటలు పడుతుంది. మధ్యలో ఆగుదామనుకునే కన్నా రాత్రంతా వంతులేసుకుని నడపడమే మేలు. దక్షిణాన మచిలీపట్నం దగ్గర గిలకలదిండి, ఇంకా కిందికి నిజాంపట్నం చేపల రేవులు ఉన్నాయి. వాటి మొగల్లో ఇసుక తిప్పలు ఏటేటా జరుగుతుంటాయి. స్థానికుణ్ణి ఎక్కించుకుని, పోటు మీద ఉన్నప్పుడే లోపలికి వెళ్ళాలి. పాత రోజుల్లో ఈ బాధ లేదు. కాకినాడ నుంచి మద్రాసు దాకా కాలవల మీదే పడవలు నడిచేవి. చీకటి పడితే గట్టుకు కట్టేసి వంట చేసుకునేవాళ్ళు. ఆ సుఖం మనకు దక్కలేదు.

ఇక మిగిలింది కాకినాడ. గోదావరి తెచ్చిన ఇసుకను సముద్రపు ప్రవాహం ఉత్తరానికి తోసి పేర్చిన పొడవాటి తిప్ప హోప్ ఐలాండ్. తూర్పు నుంచి వచ్చే అలలకు అది అడ్డుగోడ. పెద్ద ఓడలు దూరంగా లంగరేసుకుంటే బార్జీలు సరుకు మోసే రేవు కూడా అక్కడే ఉంది. అయితే ఆ అఖాతం ఉత్తరానికి తెరుచుకుని ఉంటుంది, దక్షిణం వైపు అంతా బురద. తిప్ప మీద ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. కాబట్టి అటవీ శాఖ అనుమతి లేకుండా దిగకూడదు.

అంత మంచి చోటే నన్ను ముంచబోయింది. ఐదేళ్ళ కిందట జనవరిలో, తొమ్మిదేళ్ళ మా మనవణ్ణి తీసుకుని వెళ్ళాను. సాయంత్రం పాటు సమయం, నీళ్ళు రెండున్నర మీటర్లే. పదిహేను మీటర్ల తాడు వదిలి చాలనుకున్నాను. అక్కడ నీళ్ళు ఒకటిన్నర మీటరు దాకా పెరుగుతాయని నాకు తెలుసు. పోటుకు నాలుగు మీటర్లు, పడవ ముక్కు ఎత్తు ఒక మీటరు, మొత్తం ఐదు. తాడు దానికి ఏడింతలు, అంటే ముప్పై ఐదు మీటర్లు ఉండాలి. ఆ లెక్క ఇంకొకరికి చెప్పేవాణ్ణి, ఆ రోజు నేనే వెయ్యలేదు. అర్ధరాత్రి దాటాక గాలి మళ్ళి నేల మీది నుంచి వీచింది. పడవ తిరిగింది, లంగరు బురదలో జారింది. నేను లేచేసరికి పడవ తిప్ప లోపలి గట్టుకు తగులుకుని ఉంది. అది నిండు పోటు వేళ. ఆ తర్వాత నీళ్ళు తీస్తుంటే పడవ పక్కకు ఒరిగిపోయింది. మనవడు నా మెడ పట్టుకుని తెల్లారేదాకా వదల్లేదు. పొద్దున ఒక పెద్దాయన నాటు పడవలో వచ్చి చూసి, "తాడు దగ్గర పిసినారితనం చేస్తే పడవే పోద్ది బాబూ" అన్నాడు. మధ్యాహ్నం పోటు దాకా అక్కడే కూర్చున్నాం. మా కోడలికి ఈ సంగతి ఈ సభలోనే తెలుస్తోంది.

ఆ తిప్పకు దగ్గర్లోనే కోరింగ. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1789లో, మళ్ళీ 1839లో తుఫాను ఉప్పెనలు దాన్ని తుడిచిపెట్టాయి. ఇంగ్లీషులో సైక్లోన్ అనే మాట పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ ఆ మొదటి ఉప్పెన గురించి రాశాడు. అందుకే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎవరడిగినా నేను పడవ తియ్యను. నదైనా అంతే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగిన పడవలో మన తెలంగాణ వాళ్ళూ ఉన్నారు. విహారానికి బయలుదేరినవాళ్ళే.

ఫిబ్రవరిలో గాలి చూసి వెళ్దాం. నలుగురికే చోటు. తీర రక్షణ సిబ్బందికి ముందే చెబుతాం, జాకెట్టు నిద్రలో కూడా విప్పకూడదు, మందు సీసాలు ఒడ్డునే. ఇది విన్నాక కూడా రావాలనుకున్నవాళ్ళు భోజనాల దగ్గర పేరు ఇవ్వండి.

మా సైన్సు సారు అప్పుడే చెయ్యి ఎత్తారు. సార్, మీకు ఎనభై ఐదు. మీరు వస్తానంటే కాదనే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. రాత్రి కాపలా మాత్రం మీకు వెయ్యను.