పంతులుగారూ, పలికే యంత్రమూ

విశాఖపట్నం నుండి సముద్రం వెంట భీమునిపట్నం పోయే దారిలో రుషికొండ ఒక చిత్రమైన మజిలీ. కుడిప్రక్క ఇసుక మీద జాలరుల పడవలు. ఎడమప్రక్క 1980లో కళాశాలగా మొదలై విశ్వవిద్యాలయ స్థాయి పొందిన గీతం విద్యాసంస్థ, దానికి ఆవల కొండ మీద కంప్యూటరు కంపెనీల మేడలు. పడవవాని బిడ్డ, కంపెనీ ఉద్యోగి బిడ్డ ఒకే పాఠాన్ని ఒకే రకపు తెర మీద చూడగలిగిన రోజులు వచ్చినవి. అంత మాత్రాన ఇద్దరికీ ఒకే చదువు వస్తుందా? 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్ల వ్యయంతో కృత్రిమ మేధా కేంద్రాన్ని నెలకొల్పుతామని ప్రకటించినది. ఆ వార్త వెంటనే మరొక ప్రశ్న కూడా మన అరుగుల మీదికి వచ్చి కూర్చున్నది: ఇక పంతులుగారితో పని ఏమి?

ప్రశ్న క్రొత్తది కాదు. 1789లో మద్రాసులోని ఒక అనాథాశ్రమ పాఠశాలకు అధికారిగా వచ్చిన ఆండ్రూ బెల్ అనే దొర, ఇక్కడి వీధిబడిలో పిల్లలు ఇసుక మీద వ్రేలితో అక్షరాలు దిద్దడం చూచినాడు. కాగితం ఖర్చు లేదు, సిరా ఖర్చు లేదు. ఆ పద్ధతిని తన బడిలో పెట్టి, పెద్ద పిల్లలచేత చిన్నపిల్లలకు చదువు చెప్పించి, 1797లో ఆ ప్రయోగాన్ని గూర్చి లండనులో పుస్తకం ప్రకటించినాడు. మన ఇసుకబడి ఆ విధంగా 'మద్రాసు పద్ధతి' అనే పేరుతో ఇంగ్లండు బడులకు ఎక్కినది. ఆనాటి ఆకర్షణ అంతా ఒక్కటే: ఒక ఉపాధ్యాయునితో వందల పిల్లలను నెట్టుకురావచ్చును. బడిలోకి వచ్చిన ప్రతి క్రొత్త సాధనం వెనుక ఈ పొదుపు లెక్క కొంత దాగి ఉంటుందని నా అనుమానం.

తరువాత అచ్చు పుస్తకం వచ్చినది. అంతకు ముందు గురువుగారి జ్ఞాపకమే గ్రంథం. ఆయన చెప్పినదే వేదం. ఆయన మరచినది శిష్యునికి లేనట్లే. పెద్ద బాలశిక్ష ఇంటింటికీ చేరిన పిమ్మట ఆ గుత్తాధిపత్యం పోయినది. పంతులుగారు మాత్రం పోలేదు. వల్లె వేయించే పని కొంత తగ్గి, అర్థం చెప్పే పని పెరిగినది.

ఆపైన మా రేడియో. విశాఖపట్నం కేంద్రం 1963లో ప్రారంభమైనది. మా వృత్తిలోని ఒక లోపాన్ని మీతో చెప్పడానికి నాకు సంకోచం లేదు. మైకు ముందు కూర్చున్న నాకు మీ ముఖం కనబడదు. ఇందాకటి వాక్యం మీకు బోధపడినదో లేదో నాకు తెలియదు. బోధపడకపోయినా నేను ఆగను, ఆగడానికి వీలు లేదు. పాఠశాలల ప్రసారాలు ఏర్పాటు చేసిన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసును. అందుచేతనే, పాఠానికి ముందు కఠిన పదాలు విప్పి చెప్పడం, పాఠం ముగిసిన వెంటనే ప్రశ్నలు వేయడం తరగతిలోని ఉపాధ్యాయుని పనిగానే ఉంచినారు. రేడియో మధ్యలో వచ్చే అతిథి. అతిథి వెళ్లిన తరువాత ఇల్లు నడిపేది ఇంటివారే గదా.

1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికావారి ఉపగ్రహం సహాయంతో మన దేశంలో ఒక మహాప్రయోగం జరిగినది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో సుమారు 2400 గ్రామాలకు టెలివిజన్ చేరినది. తెలుగుతో కలిపి నాలుగు భాషలలో ఉదయం పిల్లలకు, సాయంకాలం పెద్దలకు కార్యక్రమాలు వచ్చినవి. నన్ను ఆకర్షించే విషయం వేరొకటి: ఆ ఉపగ్రహం పిల్లలతో ఆగక, వేలాది గ్రామోపాధ్యాయులకు కూడా సెలవులలో విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ ఇచ్చినది. యంత్రాన్ని పంతులుగారికి బదులుగా కాక, పంతులుగారి కోసమే వినియోగించిన ఆ బుద్ధి నేటికీ మెచ్చదగినది. 1982లో మన రాష్ట్రంలో పుట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయం, దేశంలో ఆ తరహావాటికి మొదటిది, తరగతి గది లేకుండానే చదువు చెప్పడానికి పూనుకున్నది. అయినా ఊరూరా అధ్యయన కేంద్రాలు పెట్టి, సందేహాలు తీర్చడానికి మనుష్యులను కూర్చోబెట్టక తప్పలేదు.

ఇక ఇటీవలి కథ. 2020 మార్చిలో మహమ్మారి వలన బడులు మూతపడినప్పుడు పాఠం ఫోనులోకి వెళ్లినది. ఇంటికి ఒక్క ఫోను ఉంటే, అది తండ్రి వెంట పనికి పోయేది. రేడియో, దూరదర్శన్ మళ్లీ పాఠాలు అందుకున్నవి. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు పాఠాలు నింపిన ట్యాబులు పంచడం ప్రారంభించినది. మొత్తం 5 లక్షలకు పైగా. ఆ పాఠాలు తయారుచేసిన బైజూస్ సంస్థ 2024 జూలైలో దివాలా విచారణలోకి పోయినది. ఇంకొక విచిత్రం: ఆ పంపిణీకి మూడు వారాల ముందే, 2022 నవంబరు 30న, చాట్‌జీపీటీ లోకానికి విడుదలైనది. చెప్పినదే చెప్పే యంత్రం పిల్లల చేతికి వచ్చేనాటికి, అడిగినదానికి బదులు చెప్పే యంత్రం పుట్టి ఉన్నది.

ఈ యంత్రం శక్తిని తక్కువ చేయడం అవివేకం. అది విసుగెరుగదు. గుండె కొట్టుకునే తీరు బొమ్మలో చూపుతుంది. చూపులేని బిడ్డకు పుస్తకం చదివి వినిపిస్తుంది. తెలుగులో అడిగితే తెలుగులో చెబుతుంది. అప్పుడప్పుడు అబద్ధాన్ని కూడా అంతే ధైర్యంగా చెబుతుంది. దానిని పట్టుకోవడానికైనా పక్కన తెలిసినవారు ఉండాలి.

అయితే అసలు చిక్కు అడగని బిడ్డతో వస్తున్నది. మూడింట ఒక వంతు పెద్దదా, నాలుగింట ఒక వంతు పెద్దదా అంటే, మూడు కంటె నాలుగు పెద్దది కనుక రెండవదే పెద్దదని వ్రాసే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. యంత్రం తప్పు అని గుర్తు పెడుతుంది. నేటి యంత్రమైతే కారణం కూడా అడుగుతుంది. కాని సిగ్గుతో తలవంచుకున్న పిల్ల ఆ కారణం వ్రాయదు. జాలరిపేట తెలిసిన పంతులమ్మ అయితే ఒక చేపను ముగ్గురు పంచుకుంటే ఎవరి వాటా ఎంత, నాలుగోవాడు వచ్చి కూర్చుంటే వాటా పెరుగునా తరుగునా అని అడుగుతుంది. ఆ పిల్ల తల ఎత్తుతుంది.

సుగతమిత్ర అనే శాస్త్రజ్ఞుడు 1999లో ఢిల్లీలోని కాల్కాజీలో గోడకు కన్నం పెట్టి కంప్యూటరు అమర్చి, పిల్లలు తమంతట తామే దానిని నేర్చుకోవడం లోకానికి చూపినాడు. ఉపాధ్యాయుడు అక్కరలేదనడానికి దీనిని చాలమంది సాక్ష్యంగా తెస్తారు. ఆయనదే మరొక ప్రయోగం ఉన్నది. తమిళదేశంలోని కాళికుప్పంలో, జీవసాంకేతిక శాస్త్రం నింపిన కంప్యూటరు ఇస్తే, పిల్లలు ఎవరి సహాయమూ లేక 30 శాతం దాకా వచ్చినారు. తరువాత ఒక యువతిని వారి వెనుక నిలబెట్టినారు. ఆమెకు ఆ శాస్త్రం రాదు. అమ్మమ్మవలె, అబ్బో, ఇదెట్లా చేసినావు అని మెచ్చుకొనడమే ఆమె పని. 50 శాతానికి చేరినారు. శాస్త్రం తెలియని తోడుకే ఇంత ఫలం ఉంటే, తెలిసిన పంతులుగారు అక్కరలేదని ఎట్లా అనగలం?

మరి ఆ తోడుకు పంతులుగారికి తీరిక ఏది? కొన్నేళ్లుగా మన రాష్ట్రంలో ఉపాధ్యాయులు హాజరుకు తమ ముఖం ఫోనుకు చూపవలసి వచ్చినది. మధ్యాహ్న భోజనానికి, చివరకు మరుగుదొడ్లకు కూడా ఛాయాచిత్రాలు తీసి పంపవలసి వచ్చినది. పాఠం యంత్రం చెబితే మిగిలిన సమయం పిల్లల ముఖాలు చూడడానికి దక్కాలి. అది లెక్కలు పంపే పనిలో కరిగిపోతే, ట్యాబు ఎంత వెలగలదైనా బడికి లాభం లేదు. విద్యాశాఖవారు ఒక క్రొత్త యంత్రం బడికి పంపిన ప్రతిసారీ, పంతులుగారి నెత్తి మీద నుండి ఏ పని దించుతున్నారో అదే ఉత్తరువులో వ్రాస్తే బాగుండును.

వింటున్న ఉపాధ్యాయులు ఎవరైనా ఉంటే, మీ తరగతిలో ఏ పాఠాన్ని యంత్రానికి వదిలినారో, ఏ పాఠాన్ని మాత్రం వదలలేదో, ఒక కార్డు ముక్క మీద వ్రాసి మా కేంద్రానికి పంపండి. వాటిలో కొన్నింటిని ఇదే వేళకు చదివి వినిపిస్తాము.