25 వేల డిస్కౌంట్ ఇచ్చి 36 వేలు లాగే కోటేషన్: కొత్త కారు బేరం ఎలా ఆడాలి?

ఈ వారం నందిగామ నుంచి ఒకతను, జగ్గయ్యపేట నుంచి ఇద్దరు దాదాపు ఒకే మెసేజ్ పెట్టారు. "అన్నా, కొత్త కారు తీసుకుంటున్నాం, డిస్కౌంట్ ఎంత అడగొచ్చు?" అని. ముగ్గురూ మోడల్ చెప్పారు, కలర్ చెప్పారు, ఒకతనైతే డెలివరీ ముహూర్తం కూడా చెప్పాడు. కోటేషన్ ఫొటో మాత్రం ఒక్కరూ పెట్టలేదు. అది చూడకుండా ఎంత అడగాలో ఎవరూ చెప్పలేరు. అందుకే ఈ రోజు ఎపిసోడ్ అంతా ఆ కాగితం మీదే.

మా బాబాయ్ సంగతి చెప్తా. ఆయనది జగ్గయ్యపేట పక్కన పల్లెటూరు. మిర్చి, పత్తి. గుంటూరు యార్డుకి టిక్కీలు వేసుకెళ్తే క్వింటాలు రేటు ఎంత పలికిందో చెప్తే ఊరుకోడు. కమీషన్ ఎంత, హమాలీ ఎంత, కాటా ఎంత, మచ్చుకాయల కింద ఎంత పోయింది, చివరికి చేతికి వచ్చేది ఎంత అని లెక్క చీటీలో ఒక్కో లైనూ అడుగుతాడు. అదే మనిషి పోయిన దసరా ముందు విజయవాడలో ఒక షోరూముకి వెళ్ళి, ఏసీలో కూర్చుని, కూల్ డ్రింక్ తాగి, నాకు ఫోన్ చేసి "ఒరేయ్, 25 వేలు డిస్కౌంట్ ఇస్తున్నార్రా" అన్నాడు. కాగితం ఫొటో పెట్టు బాబాయ్ అన్నా. "కాగితం ఇంకా ఇవ్వలేదు, నోటితో చెప్పారు. మనోళ్ళ అబ్బాయేలే" అన్నాడు.

ఆ "మనోళ్ళ అబ్బాయే" దగ్గరికి మళ్ళీ వస్తా. ముందు కాగితం. అడిగి తెప్పిస్తే అందులో ఏముందంటే, ఎక్స్ షోరూమ్ 7,20,000. దాని కింద లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్. ఇన్సూరెన్స్ 41,000. యాక్సెసరీస్ కిట్ 18,000. హ్యాండ్లింగ్ చార్జీలు 6,500. ఫాస్టాగ్ కింద కొంచెం. చివర్లో పెద్ద అక్షరాలతో డిస్కౌంట్ 25,000.

ఇందులో బేరం కుదరని లైన్లు ఉన్నాయి, కుదిరే లైన్లు ఉన్నాయి. లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు ప్రభుత్వానికి పోతాయి. వాటి దగ్గర టైమ్ వేస్ట్ చేయకండి. కట్టిన రసీదు మాత్రం అడిగి తీసుకోండి. ఫాస్టాగ్ కూడా వదిలేయండి. 2017 డిసెంబర్ నుంచి కొత్త కారుకి అది ఉండాల్సిందే, లేకపోతే కీసర టోల్ దగ్గరే తెలుస్తుంది. ఇక మిగిలిన మూడు, అంటే ఇన్సూరెన్స్, యాక్సెసరీస్, హ్యాండ్లింగ్, డీలర్ చేతిలో ఉన్నవి. ఇచ్చిన డిస్కౌంట్ తిరిగి వాళ్ళ జేబులోకి వెళ్ళేది ఇక్కడి నుంచే.

ఇన్సూరెన్స్ కొంచెం నిదానంగా చూద్దాం, ఎక్కువ డబ్బు ఉండేది ఇందులోనే. కొత్త కారు పాలసీలో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి థర్డ్ పార్టీ. సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త కారుకి మూడేళ్ళ థర్డ్ పార్టీ ఒకేసారి కట్టాలి. దీని రేటు ప్రభుత్వం నిర్ణయిస్తుంది, ఏ కంపెనీ దగ్గరైనా ఒకటే. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేటు ప్రకారం 1000 నుంచి 1500 సీసీ కారుకి మూడేళ్ళకి 10,640, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 12,555. రెండోది ఓన్ డ్యామేజ్, అంటే మన కారుకి దెబ్బ తగిలితే వచ్చేది. దీన్ని ఏడాదికి తీసుకుంటే చాలు. దీని రేటు కంపెనీ కంపెనీకీ మారుతుంది.

బాబాయ్ కోటేషన్‌లో 41,000 నుంచి ఆ 12,555 తీసేస్తే ఓన్ డ్యామేజ్ భాగం 28,445. నేను అదే కారుకి, అదే ఐడీవీ 6,84,000 పెట్టి, అదే జీరో డెప్రిసియేషన్‌తో ఆన్‌లైన్‌లో వేరే కంపెనీ కోట్ తీశా. థర్డ్ పార్టీతో కలిపి మొత్తం 29,500 వచ్చింది. అంటే ఓన్ డ్యామేజ్ 16,945. ఒకే కవరేజీకి 11,500 తేడా అండి! ఐడీవీ మాత్రం తప్పకుండా చూడండి. కొత్త కారుకి మామూలుగా ఎక్స్ షోరూమ్‌లో 95 శాతం ఉంటుంది. కొందరు ఐడీవీ తగ్గించి ప్రీమియం తక్కువ చూపిస్తారు. అది చవక కాదు, రేపు కారు పోతే వచ్చే డబ్బు తక్కువ.

షోరూములో వెంటనే వచ్చే మాట, "బయట తీసుకుంటే మా వర్క్‌షాప్‌లో క్యాష్‌లెస్ రాదు సార్." ఆ ఇన్సూరెన్స్ కంపెనీ వెబ్‌సైట్‌లో నెట్‌వర్క్ గ్యారేజీల లిస్ట్ ఉంటుంది. అందులో ఆ వర్క్‌షాప్ పేరు ఉందో లేదో అక్కడే ఫోన్‌లో చూడండి. ఉంటే చూపించండి. నిజంగా లేకపోతే అప్పుడు ఆలోచించాల్సిన విషయమే, కాదనను. కానీ పాలసీ మా దగ్గరే తీసుకోవాలని డీలర్ బలవంతం చేయకూడదు. డీలర్ల ద్వారా అమ్మే పాలసీలకి ఐఆర్‌డీఏఐ 2017లో పెట్టిన మార్గదర్శకాలు ఉన్నాయి.

హ్యాండ్లింగ్ గురించి రెండు ముక్కలు. ఎక్స్ షోరూమ్ అంటేనే కారు షోరూములో నిలబడేసరికి అయ్యే ధర. ఫ్యాక్టరీ నుంచి రవాణా ఖర్చు అందులో కలిసే ఉంటుంది. మరి ఈ 6,500 దేనికి? "ఇది ఏ శాఖకి కడతారండీ, రసీదు ఇస్తారా?" అని మర్యాదగా అడగండి. ఆ ప్రశ్నకి ఎక్కువసార్లు ఆ లైనే మాయమైపోతుంది.

యాక్సెసరీస్ కిట్‌లో ఏముందో విడివిడిగా రాయమన్నా. మ్యాట్లు, మడ్ ఫ్లాప్స్, సీట్ కవర్లు, డోర్ వైజర్లు, ఒక పెర్ఫ్యూమ్, ఇంకేదో క్రోమ్ ముక్క. బాబాయ్‌కి కావాల్సింది మ్యాట్లు, మడ్ ఫ్లాప్స్ మాత్రమే. పొలానికి పోయే బండికి క్రోమ్ ఎందుకండీ.

ఇప్పుడు లెక్క. ఇన్సూరెన్స్ తేడా 11,500, కిట్ 18,000, హ్యాండ్లింగ్ 6,500. మొత్తం 36,000. ఇచ్చిన డిస్కౌంట్ 25,000. బాబాయ్‌కి ఇది చెప్పాక ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత "అంటే మచ్చుకాయలే కదరా ఇవి" అన్నాడు. ఇక నేను వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇంకోటి, జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద పన్ను 18 శాతానికి తగ్గింది. చిన్న అంటే నాలుగు మీటర్లలోపు పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ లోపు, డీజిల్ అయితే 1500 సీసీ లోపు. అంతకుముందు చిన్న పెట్రోల్ కారుకి సెస్సుతో కలిపి 29 శాతం ఉండేది. పన్ను లేకుండా 6 లక్షల కారు అనుకోండి, పాత లెక్కలో 7,74,000, కొత్త లెక్కలో 7,08,000. ఆ 66,000 ప్రభుత్వం తగ్గించింది. దాన్ని "జీఎస్టీ బెనిఫిట్" అని డిస్కౌంట్‌లో కలిపి చూపిస్తే, అది పక్కన పెట్టి మీరు ఎంత ఇస్తున్నారో చెప్పండి అనాలి. కారు 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ కూడా పడుతుంది. అది మన పాన్ మీద జమ అవుతుంది, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు. చాలామంది మర్చిపోతారు.

సరే, "మనోళ్ళ అబ్బాయే." మన ఊళ్ళల్లో కారు కొనడం అంటే ముందు షోరూములో తెలిసినవాడిని వెతకడం. మండలం కలుస్తుంది, చుట్టరికం కలుస్తుంది, ఇంకోటి కూడా కలుస్తుంది, అదేంటో మీకు తెలుసు. ఇక కాగితం అడగాలంటే మొహమాటం. నాతో బీటెక్ చదివిన వాడొకడు ఇప్పుడు కార్ల సేల్స్‌లో ఉన్నాడు, కంచికచర్ల వైపు కుర్రాడు. వాడు చెప్పిన మాట ఇది. "జీతం చిన్నది రా, ఇన్సెంటివ్ మీద బతుకుతాం. కారు అమ్మితే ఒక లెక్క, ఇన్సూరెన్స్ అంటగడితే ఇంకో లెక్క, లోన్ మా ద్వారా అయితే మరో లెక్క. డిస్కౌంట్ ఎంతవరకు ఇవ్వాలో నా చేతిలో ఉండదు, మేనేజర్ చేతిలో ఉంటుంది." కాబట్టి ఆ కుర్రాడి మీద అరిచి లాభం లేదు, పాపం వాడికీ టార్గెట్ ఉంది. "తమ్ముడూ, ఈ మూడు లైన్లు మార్చి మేనేజర్‌తో మాట్లాడి రా, ఫైనల్ అంకె ఇదైతే ఇప్పుడే బుక్ చేస్తా" అనండి. లోపలికి తీసుకెళ్ళడానికి వాడికి మీరు ఒక అంకె ఇచ్చినట్టు అవుతుంది. నెలాఖరులో అయితే ఇంకా బాగా పనిచేస్తుంది.

కానీ ఇవేవీ పనిచేయని పరిస్థితి ఒకటుంది. ముహూర్తం పెట్టేసుకోవడం. శుక్రవారం పొద్దున డెలివరీ, అక్కడి నుంచి నేరుగా పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడిలో బండి పూజ, చుట్టాలకి ఫోన్లు వెళ్ళిపోయాయి. ఆ సంగతి షోరూములో చెప్పారంటే బేరం అక్కడితో అయిపోయింది. పూజ వద్దనడం లేదు, మేమూ చేయించాం. ముందు అంకె తేల్చుకోండి, కాగితం మీద సంతకం అయ్యాక పంచాంగం తీయండి. పిల్లల్ని, పిన్నిని కూడా మొదటి రోజే తీసుకెళ్ళకండి. ఎర్ర కారులో కూర్చున్న పిల్లాడి మొహం చూశాక ఏ తండ్రి లేచి బయటికి రాగలడు?

బయటికి రావాలంటే రెండో కోటేషన్ జేబులో ఉండాలి. ఒకే కంపెనీకి విజయవాడలోనే ఒకరికంటే ఎక్కువ మంది డీలర్లు ఉంటారు చాలా బ్రాండ్లకి. మన ఊళ్ళో చిన్న అవుట్‌లెట్ ఉన్నా, దాని వెనక ఎవరి డీలర్‌షిప్ ఉందో అడగండి. ఒకే యజమాని అయితే రెండు కోటేషన్లు ఒకటే లెక్క. జగ్గయ్యపేట వాళ్ళు కోదాడ, ఖమ్మం వైపు కూడా అడుగుతుంటారు. రేటు తెలుసుకోవడానికి అడగండి. అక్కడే కొని ఇక్కడ రిజిస్ట్రేషన్ చేయించుకోవడం తిరుగుడు పని, పెద్ద తేడా ఉంటే తప్ప నేను వెళ్ళను.

లోన్ విషయంలో ఒక్క లెక్క చాలు. "7 శాతమే సార్" అంటే ఫ్లాటా, తగ్గే అసలు మీదా అని అడగండి. 6 లక్షలు, 5 ఏళ్ళు, 7 శాతం ఫ్లాట్ అంటే నెలకి 13,500. అసలు లెక్కలో అది సుమారు 12.5 శాతం, అంటే ఊళ్ళో రూపాయి వడ్డీ కంటే ఎక్కువ! తగ్గే అసలు మీద 9 శాతం అయితే అదే అప్పుకి ఈఎంఐ 12,455. చెవికి 7 చిన్నగా వినిపిస్తుంది, జేబుకి 9 చిన్నది.

పూర్తి డబ్బు కట్టే ముందు, రిజిస్ట్రేషన్ కాకముందే, మీకు కేటాయించిన కారుని వెళ్ళి చూడండి. చాసిస్ నంబర్ రాసుకోండి. ఫారం 22 అడగండి. తయారైన నెల, సంవత్సరం ఆర్‌సీలోకి ఎక్కుతాయి, రేపు అమ్మేటప్పుడు కొనేవాడు అదే చూస్తాడు. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. పోయిన ఏడాది స్టాక్ అయితే తీసుకోకూడదని కాదు, దానికి వేరే డిస్కౌంట్ అడగాలి.

మా బాబాయ్ కథ ఎక్కడ తేలిందంటే, రెండోసారి ఆయన ఒక్కడే వెళ్ళాడు, నేను ఫోన్‌లో ఉన్నా. హ్యాండ్లింగ్ తీసేశారు. ఇన్సూరెన్స్ 32,000కి దించారు. బయట 29,500కి వస్తుందని తెలిసినా, క్లెయిమ్ వస్తే అక్కడే తిరగొచ్చని ఆ 2,500 ఎక్కువకి ఆయనే ఒప్పుకున్నాడు. నాకు నచ్చలేదు గానీ డబ్బు ఆయనది. మ్యాట్లు, మడ్ ఫ్లాప్స్ 4,500. డిస్కౌంట్ 25,000 అలాగే ఉంచారు. మొదటి కాగితానికీ రెండో కాగితానికీ తేడా 29,000. 2025లో రేటు పడిపోయినప్పుడు కేంద్రం మిర్చికి ప్రకటించిన ధర క్వింటాలుకి 11,781. ఆ లెక్కన దాదాపు రెండున్నర క్వింటాళ్ళు.

మీ కోటేషన్ ఫొటో పంపండి, పేరు, ఫోన్ నంబర్ కనపడకుండా చేసి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో వాటిలో రెండు తీసుకుని లైను లైనూ చూద్దాం. పాత కారు ఎక్స్‌చేంజ్ గురించి అడిగినవాళ్ళది కూడా అందులోనే చెప్తా. ఉంటానండి.